ఆయ్ అంటే సగం జపనీస్ వచ్చినట్టే, మిగతా సగం గురించి: జపాన్‌లో ఇంగ్లీష్ టీచర్‌గా వెళ్ళే మన గోదారోళ్ళకి

మా పిన్ని కూతురు, పాలకొల్లు, వచ్చే ఏప్రిల్‌కి జపాన్ వెళ్తోంది, అక్కడి స్కూళ్ళలో ఇంగ్లీష్ చెప్పడానికి. ఏఎల్‌టీ అంటారు, అసిస్టెంట్ లాంగ్వేజ్ టీచర్, అంటే వాళ్ళ ఇంగ్లీష్ టీచర్ పక్కన నిలబడి పాఠం నడిపించే మనిషి. నేను నాలుగేళ్ళు అదే పని చేసి మొన్నీమధ్యే తిరిగొచ్చా, నీగతా ప్రిఫెక్చర్‌లో (మన జిల్లా, రాష్ట్రం లాంటి విభాగం) నాగవోకా పక్కన చిన్న ఊరు. రెండు ఆదివారాలు దాన్ని అరుగు మీద కూచోబెట్టి చెప్పిందంతా ఇక్కడ రాసేస్తున్నా, ఎందుకంటే ఆ వారంలోనే భీమవరం నుంచి ఒకడు అమలాపురం నుంచి ఇద్దరు ఫోన్ చేసి ఇవే ప్రశ్నలు అడిగారు, ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పలేక గొంతు పోతోంది.

ముందు ఒక మాట. ఇంగ్లీష్ చెప్పడం అక్కడ పెద్ద కష్టమేం కాదు. కష్టమంతా చుట్టూ ఉన్న బతుకే. మన దగ్గర ఏ పనైనా ముందు "అక్కడ మనోడెవడున్నాడు" అని అడుగుతాం కదా, ఎమ్మార్వో ఆఫీసైనా, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో సీటైనా. అక్కడ మనోడు ఉండడు, ఉన్నా పనికిరాడు. కాగితం, తారీఖు, ముందే చెప్పడం, ఈ మూడే పని చేస్తాయి. నేను తిన్న దెబ్బలన్నీ "చూద్దాంలే" అనుకున్న దగ్గర తిన్నవే.

వీసా దగ్గర్నుంచే మొదలవుద్ది ఇది. 1987లో మొదలైన జెట్ ప్రోగ్రామ్ అని వాళ్ళ ప్రభుత్వ పథకం ఒకటుంది, కొన్ని ఊళ్ళ విద్యా బోర్డులు నేరుగా తీసుకుంటాయి, ఇవి కాక మధ్యలో ఉండే కంపెనీలు స్కూళ్ళకి టీచర్లని పంపిస్తాయి. నేను మూడో దారిలో వెళ్ళా. డిగ్రీ ఉండాలి, దాంతో పాటు ఇంగ్లీష్ చెప్పాలంటే కనీసం 12 ఏళ్ళు ఇంగ్లీష్ మీడియంలో చదివినట్టు చూపించాలి. నేను ఐదో క్లాసు దాకా మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో తెలుగు మీడియం, ఆరు నుంచి పది దాకా ఐదేళ్ళు, ఇంటర్ రెండు, డిగ్రీ మూడు, ఎంఏ రెండు, కూడితే సరిగ్గా 12. ఒక్క ఏడు తగ్గినా అయిపోయేది నా కథ. కాబట్టి చదివిన ప్రతి చోటా మీడియం సర్టిఫికెట్ ఇప్పుడే తెచ్చుకోండి, ఇంటర్ చదివిన కాలేజీ మూసేశారనుకోండి, ఆ కాగితం కోసం తిరగడానికే రెండు నెలలు. మా చెల్లిది ఎల్‌కేజీ నుంచి కాన్వెంటే, దానికీ బాధ లేదు.

కంపెనీ ద్వారా వెళ్తుంటే కాంట్రాక్టులో రెండు చూడండి. ఆగస్టు జీతం ఎంత అని ఒకటి, ఎందుకంటే స్కూళ్ళకి వేసవి సెలవులు కదా, కొన్ని కంపెనీలు ఆ నెల సగమే ఇస్తాయి, డిసెంబర్‌లో కూడా కోస్తాయి. రెండోది షకాయ్ హోకెన్ ఉందా లేదా. అంటే హెల్త్ ఇన్సూరెన్స్, పెన్షన్ కలిపి, సగం మీ జీతంలోంచి సగం కంపెనీ కట్టేది. అది లేకపోతే ఆ రెండూ మీరే వార్డు ఆఫీసుకెళ్ళి కట్టుకోవాలి, జీతం కాగితం మీద కనపడినంత చేతిలో ఉండదు. ఇంకోటి, మొదటి జీతం చేతికి రావడానికి నెల దాటుద్ది, ఒక్కోసారి రెండు. ఆ రెండు నెలల అద్దె, తిండి డబ్బులు ఇక్కడ్నుంచే పట్టుకెళ్ళాలి. ఉద్యోగం వచ్చింది కదా అని ఖాళీ జేబుతో దిగితే అప్పు అడగడానికి అక్కడ బావగారు ఉండరు.

దిగగానే ఎయిర్‌పోర్టులో జైర్యూ కార్డు, అంటే అక్కడ నివాసముండే విదేశీయుల గుర్తింపు కార్డు, ఇస్తారు, నరితా లాంటి పెద్ద ఎయిర్‌పోర్టుల్లో అక్కడికక్కడే. అది మన ఆధార్ లాంటిదే అనుకోకండి, ఆధార్ ఇంట్లో బీరువాలో పెట్టొచ్చు, ఇది ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి, పోలీసు అడిగితే చూపించాలి. ఇల్లు కుదిరిన 14 రోజుల్లోపు షియకుషో, అంటే మున్సిపల్ ఆఫీసుకెళ్ళి ఆ కార్డు వెనక అడ్రస్ రాయించుకోవాలి. తర్వాత మై నంబర్, అంటే ఒక్కొక్కరికీ ఇచ్చే 12 అంకెల గుర్తింపు నంబరు, పోస్టులో వస్తుంది. ఫోన్ సిమ్ముకీ బ్యాంకుకీ అన్నిటికీ జైర్యూ కార్డే మూలం. ఆఫీసులో టోకెన్ తీసుకుని కూచుంటే చాలు, ఎవరూ మనల్ని దాటి ముందుకెళ్ళరు, మొదటిసారి ఆ వింత చూసి నాకు నవ్వొచ్చింది.

పేరు గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. మన పేర్లు తెలుసు కదా, ఇంటిపేరు, తాత పేరు, దేవుడి పేరు, మళ్ళీ నాగ, వెంకట, సత్య. నాది ఇంగ్లీషులో 30 అక్షరాలు దాటుద్ది. అక్కడ ఫారంలో పేరుకిచ్చే గళ్ళు వాళ్ళ పేర్లకి సరిపడా ఉంటాయి, నాలుగైదు అక్షరాల పేర్లు వాళ్ళవి. ఇంగ్లీష్ పేరుతో పాటు కటకానా అనే వాళ్ళ లిపిలో కూడా రాయాలి, అందులో ల లేదు, ర నే. వ కూడా సరిగ్గా లేదు, కాబట్టి వెంకట కాస్తా బెంకాటా అయ్యింది, లక్ష్మి అనే పేరున్నోళ్ళు రకుషుమీ అవుతారు. నేను బ్యాంకులో ఒకలా, కంపెనీ ఫారంలో ఇంకోలా రాశా, ఒక చోట దీర్ఘం పెట్టి ఒక చోట పెట్టలేదు, అంతే. మొదటి జీతం ఖాతాలో పడకుండా వెనక్కి పోయింది, మళ్ళీ రావడానికి పదకొండు రోజులు, ఆ పదకొండు రోజులు గుడ్లూ అన్నమే. అందుకని మొదటి రోజే కటకానాలో మీ పేరు ఒకలా ఖాయం చేసుకుని ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి, బ్యాంకు, ఇన్సూరెన్స్, పెన్షన్, సిమ్ము అన్నిటికీ అక్షరం తేడా లేకుండా అదే.

ఇంటిపేరు ముందు రాయడం వాళ్ళకీ మనకీ ఒకటే, ఆ ఒక్క విషయంలో హాయి. కాకపోతే స్కూల్లో అందరూ మనల్ని ఇంటిపేరుతోనే పిలుస్తారు, ఇంటిపేరు పక్కన సెన్సే, అంటే టీచరు గారు అని. మన దగ్గర ఇంటిపేరు పెట్టి పిలిచేది రిజిస్ట్రార్ ఆఫీసులోనూ పెళ్ళి సంబంధాల్లోనూ కదా, మొదట్లో ఎవరో పిలిచినప్పుడల్లా మా నాన్న గానీ వెనక నిలబడ్డాడా అని తిరిగి చూసేవాణ్ణి. సాన్ అంటే మన గారు లాంటిదే. ఎవరి పేరు పక్కనైనా పెట్టొచ్చు, సొంత పేరుకి మాత్రం పెట్టుకోకూడదు. మనలో ఎవరూ "నేను ఫలానా గారిని" అని చెప్పుకోం కదా, అలాగే.

ఇల్లు. అద్దె ఇల్లంటే నాలుగ్గోడలే అనుకోండి. బల్బు ఉండదు, గ్యాస్ పొయ్యి ఉండదు, కర్టెన్ ఉండదు, ముందున్నోళ్ళు విప్పుకుని పట్టుకెళ్ళిపోతారు. నేను మొదటి రాత్రి ఫోన్ లైటులో పులిహోర తిన్నా, హైదరాబాద్ ఎయిర్‌పోర్టు దాకా మా అమ్మ కట్టిచ్చింది. గ్యాస్ కలపాలంటే వాళ్ళ మనిషి వచ్చేటప్పుడు మీరు ఇంట్లో ఉండాలి, అది ముందే బుక్ చేసుకోకపోతే చన్నీళ్ళ స్నానమే, అదీ నీగతా ఏప్రిల్‌లో. అడ్వాన్సు కాక రేకిన్ అని ఇంకోటి అడుగుతారు కొన్ని ఇళ్ళకి, ఓనరుకి కృతజ్ఞతగా ఇచ్చేది, తిరిగి రాదు. రేకిన్ లేని ఇళ్ళు కూడా ఉంటాయి, అడగండి. గుమ్మంలో చెప్పులు విప్పడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, కాకపోతే బాత్రూమ్‌కి వేరే స్లిప్పర్లు ఉంటాయి, వాటితో హాల్లోకి వచ్చారో అయిపోయారు. స్కూల్లో కూడా లోపల వేసుకునే బూట్లు వేరే, ఉవబాకి, ఒక జత ఇక్కడే కొనుక్కెళ్ళండి, పెద్ద పాదాలైతే అక్కడ సైజు దొరకదు.

చెత్త. నవ్వకండి, ఇది పెద్ద సబ్జెక్టు. కాలేది, కాలనిది, ప్లాస్టిక్, సీసాలు, డబ్బాలు, ఒక్కోటి ఒక్కో రోజు, చాలా ఊళ్ళలో మున్సిపాలిటీ అమ్మే సంచుల్లోనే వెయ్యాలి, పొద్దున్న ఎనిమిదింటికల్లా. వాటర్ బాటిల్ మూత వేరు, లేబుల్ వేరు, బాటిల్ వేరు. కాకులు లాగకుండా పైన వల కప్పాలి. నేను ఒకసారి తప్పు రోజున పెడితే దాని మీద ఎర్ర స్టిక్కర్ అంటించి అక్కడే వదిలేశారు, వీధంతా చూసేలా, పక్కింటి పెద్దావిడ ఏమీ అనలేదు కానీ మర్నాడు నా గుమ్మం దగ్గర చెత్త క్యాలెండర్ పెట్టి వెళ్ళింది. ఆ క్యాలెండర్ షియకుషోలో మొదటి రోజే అడిగి తీసుకుని ఫ్రిజ్జుకి అంటించెయ్యండి.

ఇక స్కూలు. కొత్త ఏడు ఏప్రిల్‌లో మొదలు, టీచర్ల ట్రాన్స్‌ఫర్లు కూడా అప్పుడే, కాబట్టి మీరొక్కరే కొత్త కాదు, భయపడక్కర్లేదు. స్టాఫ్‌రూమ్‌లో అందరికీ బల్లలు, ముందు కూచునేది క్యోతో సెన్సే, అంటే వైస్ ప్రిన్సిపాల్, స్కూలు నడిపేదంతా ఆయనే, లీవు గానీ ఆలస్యం గానీ ఆయనకి చెప్పాలి. కోచో సెన్సే ప్రిన్సిపాల్, గది వేరే. పొద్దున లోపలికి అడుగు పెట్టగానే గట్టిగా ఒహాయో గొజాయ్‌మస్, అంటే గుడ్ మార్నింగ్, వెళ్ళేటప్పుడు ఒసాకి ని షిత్సురే షిమస్, అంటే మీకంటే ముందు వెళ్తున్నా ఏమనుకోకండి అని. మనం "వెళ్ళొస్తానండి" అంటాం కదా, ఇది చెప్పకుండా బయటికి పోతే చాలా తప్పు. కంపెనీ ద్వారా వెళ్ళినవాళ్ళకి కొన్ని కాంట్రాక్టుల్లో స్కూలు టీచరు నేరుగా ఇది చెయ్యి అది చెయ్యి అని ఆర్డరు వెయ్యకూడదు, అంతా కంపెనీ ద్వారానే రావాలి. వినడానికి బాగానే ఉంటుంది గానీ క్లాసులో పక్కపక్కన నిలబడి మాట్లాడుకోలేకపోతే ఎలాగో మీరే ఊహించండి.

హోరెన్సో అని ఒక మాట వింటారు. చెప్పడం, తెలియజేయడం, సలహా అడగడం, ఈ మూడింటి మొదటి అక్షరాలు కలిపారు, అదే మాటకి పాలకూర అని కూడా అర్థం, నేను మొదటి మీటింగులో లంచ్ గురించి మాట్లాడుతున్నారనుకున్నా. రేపు పది నిమిషాలు ఆలస్యం అవుతుందేమో అనిపించినా ఇవాళే చెప్పాలి. చెప్పకుండా పది నిమిషాలు లేటైతే అరగంట లేటైనంత కోపం, చెప్పి అరగంట లేటైతే ఏం లేదు.

పాఠం సంగతికొస్తే, ఎలిమెంటరీలో పీరియడు 45 నిమిషాలు, మిడిల్ స్కూల్లో 50. 2020 ఏప్రిల్ నుంచి ఐదు ఆరు తరగతులకి ఇంగ్లీష్ అసలైన సబ్జెక్టు, మార్కులుంటాయి, మూడు నాలుగు తరగతులకి ఆటపాటలే. చిన్నపిల్లలు మీద పడిపోతారు. మిడిల్ స్కూలుకొచ్చేసరికి నోరు కుట్టేసినట్టు ఉంటారు, ప్రశ్న వేసి చూస్తే బల్ల వైపు చూస్తారు. రాక కాదు, తప్పు చెప్తే అందరి ముందూ పరువు పోతుందని. రాజోలు గవర్నమెంట్ స్కూల్లో ఇన్‌స్పెక్షన్ రోజున మేం కూచున్నట్టే ఉండేది నాకు. ఒక్కొక్కర్నీ లేపి అడగొద్దు. ముందు పక్కవాడితో మాట్లాడుకోమనండి, అరనిమిషం తర్వాత జంటగా చెప్పమనండి, నోరు విప్పుతారు. ఎవరు ముందన్నది జాంకెన్‌తో తేల్చండి, మన పిల్లలు పంటలు వేసుకున్నట్టు వాళ్ళు రాయి కత్తెర కాగితం వేసుకుంటారు, దానికి ఎదురు చెప్పే పిల్లాడు ఆ దేశంలో లేడు.

మన యాస గురించి బెంగ పెట్టుకోకండి. వాళ్ళూ మనలాగే ప్రతి మాట చివరా అచ్చు తగిలిస్తారు. మనం బస్సు అంటాం వాళ్ళు బసు అంటారు, మనం ఐసు అంటాం వాళ్ళూ ఐసు అనే అంటారు, మనకి కప్పు వాళ్ళకి కొప్పు. వాక్యం కూడా మనదే, వాతాషి వా గోహన్ ఓ తబెమస్, నేను అన్నం తింటాను, మాట పక్కన మాట పెట్టుకుంటూ పోవడమే. ఇంగ్లీషోళ్ళు ఏళ్ళ తరబడి తంటాలు పడే చోట మనం మూడు నెలల్లో మార్కెట్లో బేరం... సారీ, బేరం అక్కడ లేదు, మాట్లాడేస్తాం. అన్నిటికంటే తమాషా, ఎవరైనా పెద్దవాళ్ళు ఏదైనా చెప్తుంటే వాళ్ళు "హాయ్, హాయ్" అంటారు, మనం "ఆయ్" అన్నట్టే. నేను మొదటి రోజు క్యోతో సెన్సే మాట్లాడుతుంటే అలవాటుగా ఆయ్ అన్నా, ఎంత బాగా మాట్లాడుతున్నావయ్యా అన్నారు. కాకపోతే హాయ్ అంటే వింటున్నానని మాత్రమే, ఒప్పుకున్నానని కాదు. మన ఆయ్ కూడా అంతేగా, మా మామయ్య అన్నిటికీ ఆయ్ అంటాడు, చేసేది ఏదీ ఉండదు. ఇంకో జాగ్రత్త, మన తల ఊపుడు. అవునంటూ అటూ ఇటూ ఆడిస్తాం కదా, వాళ్ళకది కాదు అన్నట్టు కనపడుద్ది. ఒక పిల్లాడు సరైన జవాబు చెప్పి నా తల చూసి జవాబు మార్చుకున్నాడు పాపం.

ఇండియా అనగానే పిల్లలు అడిగేవి ఎప్పుడూ ఇవే: రోజూ కూరేనా తింటావు, ఏనుగు ఎక్కావా, 19 ఎక్కం వచ్చా. మన దేశంలో అందరికీ 19 ఇంటూ 19 దాకా నోటికొస్తుందని వాళ్ళ గట్టి నమ్మకం. నాకు పదమూడో ఎక్కం దగ్గరే ఆగిపోద్ది. వెళ్ళే ముందు నేర్చుకోండి, ఇది జోక్ కాదు, ప్రతి కొత్త క్లాసులో అడుగుతారు.

భోజనం. క్యూషోకు అంటారు, స్కూలు భోజనం, పిల్లలే తెల్ల టోపీలు ఏప్రాన్లు వేసుకుని వడ్డిస్తారు, టీచర్లు కూడా అదే తింటారు, పూటకి దాదాపు 300 యెన్ జీతంలో పట్టుకుంటారు. చాలా చోట్ల 200 మిల్లీల పాల ప్యాకెట్టు కూడా, చేపలతో పాలు, ఏం చేస్తాం. తిన్నాక పిల్లలే చీపుళ్ళు పట్టి స్కూలంతా ఊడుస్తారు, మీరూ గుడ్డ పట్టుకోండి, చూస్తూ నిలబడొద్దు. గొడ్డుమాంసం పంది మాంసం తిననివాళ్ళు ముందే చెప్పాలి, నెల మొదట్లో మెనూ కాగితం ఇస్తారు, ఏ రోజు ఏ వంటలో ఏమేం వేస్తారో అంతా ఉంటుంది అందులో. గ్యూనికు అంటే గొడ్డుమాంసం, బుతానికు అంటే పంది మాంసం, ఈ రెండింటి అక్షరాలు బొమ్మలా గుర్తుపెట్టుకోండి. పూర్తి శాకాహారులైతే మాత్రం డబ్బా పట్టుకెళ్ళడమే, ఎందుకంటే కూరగాయల సూప్ అన్నది కూడా ఎండు చేప నీళ్ళతోనే చేస్తారు, దాషి అంటారు, వాళ్ళ లెక్కలో అది మాంసం కాదు. ఇక వాళ్ళ కర్రీ రైస్ పిల్లలకి ప్రాణం, చిక్కగా తియ్యగా ఉంటుంది. ఇండియా వాణ్ణని ఆ రోజు నా చుట్టూ చేరి ఎలా ఉంది ఎలా ఉంది అని అడిగేవాళ్ళు, బాగుందనే చెప్పండి, రుచి సంగతి తర్వాత.

ఇంటి వంటకి మరీ దిగులు అక్కర్లేదు. బెండకాయ అక్కడ ఒకురా, వంకాయ నాసు, రెండూ వేసవిలో బాగా దొరుకుతాయి. కందిపప్పు, చింతపండు, సోనా మసూరి ఇండియన్ షాపుల నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు, టోక్యోలో నిషి కసాయి వైపు మనవాళ్ళ షాపులు చాలా ఉన్నాయి, పార్సెల్ పంపిస్తారు. నీగతాలో దొరికేది కోషిహికారి బియ్యం, వాళ్ళకి గర్వం, అన్నం ముద్దముద్దగా వస్తుంది. మార్టేరులో పుట్టిన స్వర్ణ తిన్న నోటికి పప్పుచారుతో అది కలవదు, పెరుగన్నానికి మాత్రం అద్భుతం. ప్లెయిన్ యోగర్ట్ డబ్బా ఒకటి కొని దాన్నే తోడేసుకుంటే చాలు. చేపలు మన దగ్గర ఉన్నన్ని రకాలు, సాబా అనే చేపని చింతపండు పులుసు పెడితే పులస కాదు గానీ పులస లేని బాధ తీరుద్ది. పులుసు పెట్టేటప్పుడు ఫ్యాను వేసి కిటికీ తీసి పెట్టండి, వాసన పక్కింటికెళ్తే వాళ్ళు మీకు చెప్పరు, ఇల్లు అద్దెకిచ్చిన వాళ్ళకి చెప్తారు.

డబ్బు దగ్గర అందరూ పడే గొయ్యి జూమిన్‌జే. ఊరికి కట్టే పన్ను, కిందటి ఏడాది జనవరి నుంచి డిసెంబర్ ఆదాయం మీద దాదాపు పది శాతం, ఈ ఏడాది జూన్ నుంచి కట్టాలి. మొదటి ఏడాది ఏమీ ఉండదు కాబట్టి జీతం ఎక్కువ మిగిలినట్టు కనిపిస్తుంది, ఇంటికి పంపించేస్తాం, ఇక్కడ మేడ మీద ఇంకో గది లేస్తుంది, రెండో ఏడాది జూన్‌లో బిల్లొస్తుంది. నాకు వచ్చినప్పుడు కంపెనీ పొరపాటనుకుని వాళ్ళకే ఫోన్ చేశా. మొదటి జీతం నుంచే నెలకి కొంత పక్కన పెట్టుకోండి. కొనే సరుకు మీద పన్ను పది శాతం, ఇంటికి తెచ్చుకునే తిండికి ఎనిమిది, వంద యెన్ షాపులో వస్తువు 110 అవుతుంది.

సైకిల్ కొంటే రిజిస్ట్రేషన్ చేయించాలి, షాపులోనే చేస్తారు. మన కాలవ గట్టు మీద ముగ్గురం ఎక్కినట్టు ఎక్కితే కుదరదు, ఇద్దరు కూడా తప్పే, గొడుగు పట్టుకుని తొక్కడం తప్పే, ఫోన్ చూస్తూ తొక్కితే 2024 నవంబర్ నుంచి లక్ష యెన్ దాకా ఫైను. తాగి సైకిల్ తొక్కితే కేసే.

ఒంట్లో బాగోకపోతే పెద్దాసుపత్రికి పరిగెత్తొద్దు, వీధి క్లినిక్‌కి వెళ్ళండి, ఇన్సూరెన్స్ ఉంటే మీరు కట్టేది 30 శాతమే. మందులు ఇక్కడ్నుంచి తీసుకెళ్తే డాక్టరు రాసినవి నెలకి సరిపడా, మామూలువి రెండు నెలలకి, అంతే. కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌లు, సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు బిళ్ళలు పొరపాటున కూడా పెట్టొద్దు, మన మెడికల్ షాపులో మామూలుగా ఇచ్చేవి కొన్ని అక్కడ నేరం కిందకి రావచ్చు. అంబులెన్స్‌కి 119, పోలీసుకి 110.

భూకంపం గురించి మా పిన్ని పది సార్లు అడిగింది. 2024 జనవరి 1 సాయంత్రం నాలుగు దాటి పది నిమిషాలు, నోతో అనే చోటు దగ్గర 7.6 తీవ్రతతో వచ్చింది, నీగతా అంతా ఊగింది. ముందు ఫోన్లన్నీ ఒకేసారి అరిచాయి, నేను బల్ల కిందకి దూరా, గిన్నెలు కింద పడ్డాయి, తీరంలో సునామీ హెచ్చరిక. మాది లోపలికి కాబట్టి నీళ్ళ భయం లేదు, రాత్రంతా చిన్న చిన్నవి వస్తూనే ఉన్నాయి. చేసేది ఇంతే: బరువు సామాన్లు తల పైన పెట్టొద్దు, నీళ్ళు, టార్చి, పాస్‌పోర్టు, కొంత నగదు ఉన్న సంచి గుమ్మం దగ్గర, మీ దగ్గర్లో ఆశ్రయం ఏదో ముందే చూసి ఉంచుకోవాలి, చాలాసార్లు అది మీరు పనిచేసే స్కూలే అవుతుంది. వరదలు తుఫాన్లకి ఒకటి నుంచి ఐదు దాకా లెవెల్స్ ఉంటాయి. మనకి ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది కదా, మూడోది వచ్చినా లంకల్లో మనోళ్ళు "చూద్దాంలే, 86లో ఇంతకంటే వచ్చింది" అని గేదెల దగ్గరే ఉంటారు. అక్కడ మూడో లెవెల్‌కే ముసలివాళ్ళు కదలాలి, నాలుగుకి అందరూ కదలాలి, ఐదంటే అప్పటికే ఆలస్యమైపోయిందని. నాలుగు అని వినగానే వెళ్ళిపోండి, మన అలవాటు అక్కడ చూపించొద్దు.

చలి. మంచు కురిసే ప్రాంతమైతే మొదటి డిసెంబర్‌లో ఏడుస్తారు, ఇళ్ళు పల్చగా ఉంటాయి, వెచ్చదనం కూచున్న గదిలోనే. నాగవోకాలో రోడ్డు మధ్యలో పైపుల్లోంచి భూమిలోంచి తోడిన నీళ్ళు చిమ్ముతాయి మంచు కరగడానికి, ఆ నీళ్ళలో ఇనుముకి రోడ్లన్నీ ఎర్రగా తుప్పు రంగులో ఉంటాయి. స్వెట్టర్లు ఇక్కడ కొనకండి, రాజమండ్రిలో దొరికేవి అక్కడ అక్టోబర్‌కే చాలవు. నాకు చలి కంటే సంక్రాంతే ఎక్కువ బాధ. డిసెంబర్ చివర్నుంచి జనవరి మొదటి వారం దాకా సెలవులు, సరిగ్గా పండక్కి స్కూలు నడుస్తుంది, లీవు చట్టప్రకారం ఆర్నెల్ల తర్వాత పది రోజులు. నాలుగేళ్ళూ కనుమ రోజు జగ్గన్నతోట ప్రభలు స్టాఫ్‌రూమ్ బయట మెట్ల మీద ఫోన్లో చూశా. వాళ్ళు ఏప్రిల్ చివర్నుంచీ మే మొదట్లో నాట్లు వేస్తారు, మిషన్ మీద ఒక్క ముసలాయన, పొలమంతా నీళ్ళు, ఆ వారం మాత్రం సైకిల్ ఆపి గట్టు మీద నిలబడితే మా ఊరి సార్వా రోజుల్లా ఉండేది, కొబ్బరి చెట్లు లేవంతే.

వచ్చేసేటప్పుడు కట్టిన పెన్షన్ వదిలెయ్యకండి. ఆర్నెల్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ కట్టి ఉంటే దేశం వదిలిన రెండేళ్ళలోపు ఒకేసారి తీసుకోవచ్చు, ఉద్యోగుల పెన్షన్ అయితే 20.42 శాతం పన్ను కోస్తారు, బయల్దేరే ముందే అక్కడ ఉండే ఒక మనిషిని పన్ను ప్రతినిధిగా పెట్టుకుంటే ఆ కోసిన పన్ను కూడా తిరిగి అడగొచ్చు. 2016 అక్టోబర్ నుంచి ఇండియాకీ జపాన్‌కీ పెన్షన్ ఒప్పందం ఉంది, రెండు చోట్లా కట్టిన కాలం కలిపి లెక్కేసుకోవచ్చు, డబ్బు తీసేసుకుంటే ఆ కాలం లెక్కలోకి రాదు, అది ఆలోచించుకోండి. ఇల్లు ఖాళీ చేసేది కూడా కాంట్రాక్టులో ఉన్నట్టు నెల ముందో రెండు నెలల ముందో రాసివ్వాలి.

సామాను విషయానికొస్తే, మామిడి పళ్ళు, పచ్చి కరివేపాకు పట్టుకెళ్ళొద్దు, సర్టిఫికెట్ లేకుండా మొక్కలవేవీ రానివ్వరు, ఎండబెట్టిన కరివేపాకు పొడి చేసుకోండి. కోడి పచ్చడి, మటన్ పచ్చడి కూడా ఎయిర్‌పోర్టులోనే తీసేస్తారు. స్టాఫ్‌రూమ్‌కి మిఠాయి తీసుకెళ్ళడం ఆనవాయితీ, ఒక్కోటి విడిగా ప్యాక్ చేసి ఉండాలి, బల్ల బల్లకీ పెట్టాలి. నేను ఆత్రేయపురం పూతరేకులు పట్టుకెళ్ళా, సగం ముక్కలైనా మిగతా సగం పంచితే క్యోతో సెన్సే పైన పొరని కాగితం అనుకుని జాగ్రత్తగా విప్పడం మొదలెట్టారు, విప్పుతూనే ఉన్నారు, లోపల ఏమీ రాలేదు. కాజాలు తీసుకెళ్తే పాకం కారుద్ది, బ్యాగులో బట్టలు పోయాయి నావి ఒకసారి.

మా చెల్లి టికెట్ మీద 23 కేజీలే రాసుంది. నిన్న కాటా పెడితే 31. నేను ఆవకాయ సీసా బయటికి తీసి పెడుతుంటే మా పిన్ని వెనకనుంచి మళ్ళీ లోపల పెట్టేస్తోంది, "అక్కడ ఆల్లేటి పెడతారో ఏటో, ఉండనియ్యిరా" అంటూ.